స్వామి తిరిగే దారిలో మమ్మల్నీ నడవనివ్వండి

గౌరవనీయులైన నంద్యాల జిల్లా కలెక్టర్ గారికి,

ఈ ఉత్తరం మీ పేరున కాదు, మీ కుర్చీ పేరున రాస్తున్నాను. ఇందులో అడిగేది పూర్తవడానికి రెండు మూడేళ్లు పడుతుంది. అప్పటికి ఆ కుర్చీలో ఎవరుంటారో మీకూ తెలియదు, నాకూ తెలియదు. 2022 ఏప్రిల్ 4న కర్నూలు నుంచి విడిపోయి మనకంటూ ఒక జిల్లా ఏర్పడింది. కొత్త జిల్లాకు కొత్త ఆఫీసులొచ్చాయి, కొత్త బోర్డులొచ్చాయి. పర్యాటకం మాటెత్తితే మాత్రం పాత పాటే వినిపిస్తుంది: అహోబిలంలో ఇన్ని గదులు, మహానందిలో ఇన్ని గదులు, రిసార్టుకు స్థలం కావాలి, రోడ్డు వెడల్పు చేయాలి. నేను అడగబోయేది గదులూ కాదు, రోడ్డూ కాదు. అహోబిలం నుంచి మహానంది దాకా నల్లమల అంచున మనిషి నిమ్మళంగా నడిచిపోయే ఒక బాట, ఆ బాట పొడవునా రాత్రిపూట తలదాచుకోవడానికి పల్లెటూరి ఇళ్లు. అంతే.

ఇదేదో విదేశాల నుంచి పట్టుకొచ్చిన సరదా అనుకోకండి. అహోబిలం పార్వేట మీకు తెలిసే ఉంటుంది. కనుమ నాడు జ్వాలా నరసింహస్వామి, ప్రహ్లాదవరదస్వామి ఉత్సవ మూర్తులు ఒకే పల్లకిలో కొండ దిగి బయల్దేరుతాయి. నలభై రోజులకు పైగా, ముప్పైకి పైగా ఊళ్లు తిరిగి, బ్రహ్మోత్సవాల నాటికి మళ్లీ అహోబిలం చేరతాయి. చెంచుల ఆడపడుచును పెళ్లాడిన అల్లుడు కదా, అత్తింటి వైపు వాళ్లందరినీ పలకరించి పెళ్లి బ్రహ్మోత్సవానికి పిలవడానికి వస్తాడని మా పెద్దలు చెప్తారు. పల్లకి దించడానికి ఊరూరా అరుగులున్నాయి. ఏ రోజు ఏ ఊరు, రాత్రి ఎక్కడ, పల్లకి ఎవరు మోయాలి, ఎవరింటి వాళ్లు ఏ మర్యాద చేయాలి, అన్నీ తరాల కిందటే ఖాయమైపోయాయి. మా ఊళ్లలో సంక్రాంతికి రాని కూతురూ అల్లుడూ స్వామి ఊళ్లోకొచ్చిన రోజున వస్తారు.

భక్తిని కాసేపు పక్కన పెట్టి, ఒక అధికారి కళ్లతో దీన్ని చూడండి. నలభై రోజుల నడక. ఊరికీ ఊరికీ మధ్య పొద్దున బయల్దేరితే పొద్దుగూకేలోపు అందే దూరం. ప్రతి మజిలీలోనూ బస, భోజనం, నీళ్లు, కాపలా. దీనికి ప్రభుత్వం ఒక్క పాలసీ రాయలేదు, ఏ కన్సల్టెంటూ నివేదిక ఇవ్వలేదు. నడుస్తూ ఊళ్లు చూడటానికి కావలసిన ఏర్పాటంతా ఈ నేలకు కొట్టిన పిండి. ఆ దారి స్వామికి ఏటా తెరుచుకుంటుంది. మిగతా పది నెలల్లో మామూలు మనిషికి తెరుచుకోదు, అదే నా బాధ.

మామూలు మనిషి అహోబిలం ఎలా వస్తున్నాడో చూడండి. నంద్యాలలోనో ఆళ్లగడ్డలోనో కారెక్కుతాడు. దిగువ అహోబిలంలో దర్శనం, ఎగువకు ఇంకో ఎనిమిది కిలోమీటర్లు. ఓపికున్నవాళ్లు భవనాశిని వాగు వెంట జ్వాలా నరసింహుని దాకా ఎక్కుతారు. ఇంకా పట్టుదల ఉన్న కుర్రాళ్లు ఉగ్రస్తంభం ఎక్కి ఫోటో దిగుతారు. సాయంత్రానికి కారు మళ్లీ హైవే మీద ఉంటుంది. తొమ్మిది నరసింహ క్షేత్రాలు, పద్నాలుగో శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి కట్టించాడని చెప్పే మెట్లు, కృష్ణదేవరాయలు వచ్చిపోయిన గుడి, ఇవన్నీ ఒక పూటలో అయిపోతాయి. దగ్గర్లోని రుద్రవరం వాళ్లకు ఆ కారు వల్ల దక్కేది దుమ్ము. తప్పు యాత్రికుడిది కాదు. ఆగడానికి చోటు లేనివాడు ఎందుకు ఆగుతాడు?

ఒకప్పుడు ఆగేవాళ్లు. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీకి బయల్దేరి, అహోబిలం, మహానంది, శ్రీశైలం చూసుకుంటూ మన జిల్లా మీదుగానే వెళ్లాడు. ఆయన పల్లకీ మనిషి, పరివారం ఉన్న మనిషి. అయినా ఆయన రాసిపెట్టిన యాత్రా చరిత్ర చదివితే ఆశ్చర్యం వేస్తుంది. ఏ మజిలీలో అంగళ్లున్నాయి, నీళ్లెలా ఉన్నాయి, దిగడానికి చోటుందా, దారి రాళ్లదా ఇసుకదా, అడివి ఎక్కడ మొదలవుతుంది, అంతా నమోదు చేశాడు. ఈ రోజు అహోబిలం నుంచి మహానందికి నడిచి వెళ్లాలనుకునే కుర్రాడికి 1830 నాటి ప్రయాణం గురించి రాసిన ఆ పుస్తకంలో దొరికినంత సమాచారం మన పర్యాటక శాఖ కరపత్రంలో దొరకదు. శ్రీశైలం యాత్రికుల దగ్గర కందనూరు (కర్నూలు) నవాబు మనుషులు సొమ్ము గుంజేవాళ్లని కూడా ఆయన రాశాడు. ఈ మాట ఎందుకు ఎత్తానంటే, మన బాట తయారయ్యాక మొదటి పనిగా దానికి టికెట్టు పెడదామని ఎవరో ఒకరు మీకు సలహా ఇస్తారు. దయచేసి వినకండి.

ఇక దారి సంగతి. కొత్తగా సెంటు భూమి సేకరించాల్సిన పని లేదు, దారి మీ చేతుల్లోనే ఉంది. 1983లో శంకుస్థాపన జరిగిన తెలుగుగంగ కాలువ వెలుగోడు జలాశయం దాటాక, నల్లమలను ఎడమ చేతి వైపు పెట్టుకుని, బండిఆత్మకూరు, మహానంది, రుద్రవరం, ఆళ్లగడ్డ మండలాల మీదుగా బ్రహ్మంగారిమఠం వైపు సాగుతుంది. ఒకవైపు కొండ, ఒకవైపు మాగాణి, కాళ్ల పక్కన నీళ్లు. గట్టు మీద తనిఖీ జీపులు తిరగడానికి వేసిన బాట ఉంది. కొన్నిచోట్ల బాగుంది, కొన్నిచోట్ల సర్కారు కంప మింగేసింది. ఆ గట్టు జలవనరుల శాఖది. రైతు పొలం మీదుగా ఎవరూ పోనక్కర్లేదు, గెట్ల తగాదా రాదు. గట్టు అడివిలోకి దూరే చోట మాత్రం పక్కనున్న ఊరి దారి పట్టుకోవచ్చు. అహోబిలం, రుద్రవరం, గాజులపల్లె, మహానంది, ఇలా నాలుగు పెద్ద మజిలీలు, మధ్యలో చిన్న ఊళ్లు. తొందర లేకుండా నడిస్తే మూడు నాలుగు రోజుల దారి.

నవంబరులో ఆ గట్టు మీద నిలబడి చూసినవాళ్లకు నేను చెప్పాల్సిందేమీ లేదు. చూడనివాళ్లకు మాటలతో చెప్పడం కష్టమే, అయినా ప్రయత్నిస్తాను. వరి కోతకొచ్చి ఉంటుంది. నల్లరేగడిలో శనగ అప్పుడే మొలకెత్తుతుంటుంది. కంది పసుపుపచ్చగా పూసి ఉంటుంది. కొండ ఇంకా ఎండలేదు, వెదురూ టేకూ మద్దీ అన్నీ వేర్వేరు ఆకుపచ్చల్లో ఉంటాయి. పొద్దున పూట కొండ కొమ్ముల మీద మంచు పట్టి, ఎండ ఎక్కేకొద్దీ పైకి లేచిపోతుంది. గాజులపల్లె దగ్గరకొస్తే గుంటూరు రైలు నల్లమలలోకి దూరుతూ కనిపిస్తుంది. అక్కడి నుంచి లోపలికి పోతే మీటర్‌గేజి కాలం నాటి దొరబావి వంతెన అవశేషాలున్నాయి, అది అటవీ శాఖ అనుమతితో చూడాల్సిన చోటు. మహానంది చేరేసరికి అరటితోటలు మొదలవుతాయి. అడుగున పడిన నాణెం కూడా కనిపించేంత తేటగా ఉండే ఆ కోనేటి నీళ్లే బయటికి పారి ఆ తోటలను తడుపుతాయి. నడిచొచ్చిన కాళ్లు ఆ నీళ్లలో పెట్టుకున్నవాడికీ, కారు దిగి ఏసీ చలి వదలకుండానే గుళ్లోకి పోయినవాడికీ మహానంది ఒకటే అంటే నేను నమ్మను.

బస గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే పని చెడిపోయేది ఇక్కడే. నడిచే వాళ్ల కోసమని చెప్పి రుద్రవరంలో ఎవరో పెట్టుబడిదారుడు ఇరవై కాటేజీలు కడితే నా ఉత్తరం దండగ. మా ఊళ్లలో ఇళ్లకు కొదవ లేదు, మనుషులకే కొదవ. రాతి గోడలు, నాపరాళ్లు పరిచిన నడవ, మట్టి మిద్దె, వెలుగు కోసం గవాచి, ముందర వేపచెట్టు కింద అరుగు. పిల్లలు హైదరాబాదులోనో బెంగళూరులోనో స్థిరపడ్డారు, ముసలివాళ్లిద్దరూ ఒక గదిలో ఉంటారు, మిగతా గదులకు తాళాలు. ఎండాకాలం మధ్యాహ్నం ఆ మట్టి మిద్దె కింద ఉన్నంత చల్లగా ఏ స్టార్ హోటలూ ఉండదు. ఆ తాళం తీయించండి. ఒక మంచి మరుగుదొడ్డి, రెండు మంచాలు, దోమతెర, లోపల గడియ, తాగడానికి శుద్ధమైన నీళ్లు, ఇవి ఉంటే చాలు. పొద్దున ఉగ్గాని బజ్జీ, రాత్రికి జొన్నరొట్టె, గోంగూర, చెనిక్కాయల పొడి. స్వయం సహాయక సంఘాల మహిళలకు ఈ లెక్కలు నడపడం కొత్త కాదు. బ్యాంకు అప్పులు, వాయిదాలు, తీర్మానాలు వాళ్లు ఎప్పటి నుంచో చూసుకుంటున్నారు. ఊళ్లో ఏ రాత్రి ఏ ఇంటికి అతిథిని పంపాలో వంతులు వాళ్లే వేస్తారు. అద్దె నేరుగా ఇంటామె ఖాతాలో పడాలి. రాష్ట్రం 2024లో తెచ్చిన పర్యాటక విధానం ఈ రంగానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. మంచిదే. ఆ హోదా పెద్ద హోటళ్ల దగ్గరే ఆగిపోకుండా రుద్రవరంలోని మట్టి మిద్దె దాకా రావాలంటే మీ సంతకం కావాలి.

ఇలా జరగదని ఎవరైనా అంటే ఉత్తరాఖండ్‌లో మున్సియారి దగ్గరున్న సర్మోలీ ఊరిని చూపించండి. అక్కడి ఆడవాళ్లు సంఘంగా ఏర్పడి తమ ఇళ్లలోనే బస ఇస్తున్నారు. 2023లో కేంద్ర పర్యాటక శాఖ ఆ ఊరిని దేశంలో ఉత్తమ పర్యాటక గ్రామంగా ఎంపిక చేసింది. ఇంకా పాత సంగతి కావాలంటే ఇంగ్లాండుది ఒకటుంది. 1891లో కోల్న్ అనే బట్టల మిల్లుల ఊళ్లో టి.ఎ. లెనర్డ్ అనే పాదిరీ తన సంఘంలోని మిల్లు కార్మికులను కొద్దిమందిని కొండల్లోని ఆంబుల్‌సైడ్‌కు నడక సెలవుకు తీసుకుపోయాడు. అంతకు ముందు వాళ్లకు సెలవంటే సముద్రతీరాన సంతలో జీతం తగలేసి రావడమే. రెండేళ్లకే, 1893లో, అది సహకార సంఘంగా మారింది. తక్కువ ఖర్చుతో పల్లెలో బస, పగలంతా నడక. నేడు ఆ దేశంలో నడక సెలవులు డబ్బున్నవాళ్ల వ్యవహారంలా కనిపిస్తాయి గానీ, పునాది వేసింది మిల్లు కూలీల కోసం. నంద్యాలలో బియ్యం మిల్లుల్లో, విత్తనాల గోదాముల్లో పనిచేసే కుర్రాడికి, ఆళ్లగడ్డ డిగ్రీ కాలేజీ పిల్లకు అందుబాటులో లేని బాట నాకు అక్కర్లేదు. అద్దె నిర్ణయించేటప్పుడు వాళ్లు గుర్తుండాలి.

ఒక మాట మొహమాటం లేకుండా రాయాలి. ఇంటి బస అనగానే మన దగ్గర మొదట లేచేది కులం. ‘ఎవరు మీరు’ అనే ప్రశ్నకు నడిచొచ్చినవాడు పేరు చెప్తే చాలదని అందరికీ తెలుసు. బస జాబితాలోకి ఏ ఇళ్లు వస్తాయి, ఎస్సీ కాలనీ ఇళ్లు వస్తాయా రావా, అక్కడికి అతిథిని పంపితే అతను పోతాడా, ఇవి కాగితం మీద తేలేవి కావు. కానీ ఒక నిబంధన పెట్టొచ్చు: ప్రతి మజిలీలోనూ అన్ని వాడల ఇళ్లూ జాబితాలో ఉండాలి, వంతు ఎవరిదైతే అతిథి అక్కడికే. వంతు కాదన్న అతిథికి ఆ బాటలో మరో ఇల్లు దొరకదు, వచ్చిన అతిథిని కులం అడిగిన ఇంటికి మరో అతిథి రాడు. ఈ ఒక్క నిబంధన వల్ల కొందరు అలుగుతారు. అలగనివ్వండి.

చిరుత గురించి మీరు అడగకముందే చెప్తాను. 2024 జూన్‌లో పచ్చర్ల దగ్గర చిరుత దాడిలో ఒక మహిళ ప్రాణం పోయింది. మహానంది పరిసరాల్లో చిరుత తిరుగుతోందన్న కబురు ఆ ఎండాకాలమంతా వింటూనే ఉన్నాం. నల్లమల పులుల అడివి, అది అలాగే ఉండాలి. కాబట్టి నేను అడిగేది అడివి లోపలి నడక కాదు, అంచున నడక. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మాత్రమే, ఎండ మండని నెలల్లో. ఏప్రిల్, మేలలో నంద్యాల ఎండలో నడవమని శత్రువుకైనా చెప్పలేం. పొద్దు పొడిచాకే బయల్దేరాలి, పొద్దుగూకకముందే ఊరు చేరాలి. ఒంటరిగా కాదు, గుంపుగా. ఏ ఊళ్లో బయల్దేరారో, ఏ ఊరు చేరాలో ఊరి సచివాలయంలో రాసి పోవాలి, రానివాళ్లను వెతకాలి. ఒంటరి ఆడవాళ్లు నడవాలంటే ఇంకాస్త ఏర్పాటు కావాలి, అది పోలీసు శాఖతో మీరే మాట్లాడాలి. చిరుత కన్నా మనుషుల భయమే వాళ్లకు ఎక్కువని మీకు చెప్పాల్సిన పని లేదు.

అడివిని నిజంగా చూడాలనుకునేవాళ్లకు అటవీ శాఖ ఇప్పటికే ఒక దారి చూపించింది. ఆత్మకూరు వైపు బైర్లూటిలో, గిద్దలూరు దారిలో పచ్చర్లలో జంగిల్ క్యాంపులున్నాయి. అక్కడి చెంచు యువకులకు అందులో పని ఉంది. ఏ కొమ్మ ఎందుకు విరిగిందో, ఏ అడుగు ఎప్పటిదో చెప్పగలిగినవాళ్లు వాళ్లు. మన బాటకు తోడు రావడానికి వాళ్ల కంటే తగినవాళ్లు ఎవరు? స్వామిని అల్లుడని పిలుచుకునేవాళ్లకు ఆ బాట మీద కూలీ పని కాదు, మాట చెల్లే స్థానం ఉండాలి. నాగలూటి, పెచ్చెరువు, భీమునికొలను మీదుగా శ్రీశైలం పోయే పాత మెట్ల దారిలో శివరాత్రికి మనవాళ్లు, ఉగాదికి కన్నడ భక్తులు ఎంతమంది నడుస్తారో మీకు తెలుసు. నడిచే జనానికి ఈ జిల్లాలో లోటు లేదని ఆ దారే సాక్ష్యం. వాళ్లు వెళ్లిపోయాక అడివిలో మిగిలే నీళ్ల ప్యాకెట్ల గుట్టలూ సాక్ష్యమే. మన బాటలో సీసాలు, ప్యాకెట్లు అమ్మకూడదు, మజిలీ మజిలీకి నీళ్ల తొట్టి పెడితే సరిపోతుంది.

బాటకు గుర్తులు కావాలి కదా. ఫ్లెక్సీలు కట్టించకండి, బతిమాలుతున్నాను. ఆళ్లగడ్డలో హైవే పక్కన నిలబడితే ఉలి చప్పుడు వినిపిస్తుంది. అక్కడ చెక్కిన విగ్రహాలు ఎక్కడెక్కడి గుళ్లలోకో పోతాయి, ఆ పనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ శిల్పుల చేత మైలురాళ్లు చెక్కించండి: ఊరి పేరు, వచ్చే ఊరికి దూరం, పైన చిన్న సింహం తల. అవి వానకు కరగవు, ఎన్నికలకు మారవు. ఆళ్లగడ్డ పేరు వింటే బయటివాళ్లకు సినిమాల్లో చూసిన సుమోలు, బాంబులు గుర్తొస్తాయి. పెళ్లి సంబంధాలకు వెళ్లినప్పుడు కూడా మాకు ఆ చూపు తప్పదు. ఒక్కసారి నడిచొచ్చి మా వాళ్ల అరుగు మీద రాత్రి గడిపినవాడు ఆ సినిమాను ఇంకోలా చూస్తాడేమో.

మీ దగ్గరున్న అధికారాల్లో ఈ పనికి కావలసింది పెద్దదేమీ కాదు. కాలువ గట్టు మీద పాదచారులను అనుమతిస్తూ జలవనరుల శాఖ ఇచ్చే ఒక ఉత్తర్వు, అంచు వెంట ఎక్కడిదాకా రావచ్చో అటవీ శాఖ గీసిచ్చే ఒక గీత, రెండు దేవస్థానాలతో ఒక మాట, మూడు మండలాల మహిళా సమాఖ్యలతో ఒక సమావేశం. ఆ సమావేశం కలెక్టరేట్ హాల్లో కాకుండా రుద్రవరంలో పెట్టండి. పార్వేట పల్లకి మోసే బోయీలను కూడా పిలవండి, వాళ్లకు తెలిసినంతగా ఈ ఊళ్ల మధ్య దూరాలు ఏ సర్వేయరుకూ తెలియవు. ముందు గాజులపల్లె నుంచి మహానంది దాకా ఒక్క మజిలీ తెరిచి చూడండి. ఒక్క శీతాకాలం నడిస్తే చాలు, ఏది పనిచేస్తుందో ఏది చేయదో తేలిపోతుంది.

వచ్చే కనుమ తర్వాత ఏదో ఒక రోజు, ప్రొటోకాల్ వాహనాలు లేకుండా, పల్లకి వెనక ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మీరు కూడా నడవండి. బస మాట మాకు వదిలేయండి. మరుగుదొడ్డి ఎలా ఉందో మాత్రం మీరే చూసి, మొహమాటం లేకుండా చెప్పాలి.

ఇట్లు,
ఆళ్లగడ్డ నుంచి ఒక నడక మనిషి